లోతు నీటిలో మామూలు గాలి: స్కూబా డైవింగ్‌లో కంటికి కనిపించని ప్రమాదాలు

తాండుల కాలువ ద్వారా వచ్చే నీటిని నిల్వచేసి భిలాయి ఉక్కు కర్మాగారానికి అందించే జలాశయం మరోదా. ఉక్కు నగరంలో మూడు తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చాలామందికి సముద్రమంటే విశాఖపట్నమే గుర్తుకు వస్తుంది. దుర్గ్–విశాఖపట్నం వందే భారత్ రైలు 2024 సెప్టెంబరులో ప్రారంభమైన తరువాత ఆ ప్రయాణం మరింత సులభమయింది. సెలవులకు విశాఖ వెళ్లినవారు రుషికొండ తీరంలో స్కూబా డైవింగ్ ముచ్చట తీర్చుకోవడమూ ఇప్పుడు కొత్త విషయం కాదు. అర్హత గల శిక్షకుని పర్యవేక్షణలో కొద్ది మీటర్ల లోతుకు దిగడం, ఆరోగ్యవంతులకు చాలావరకు క్షేమకరమైన వినోదమే. వెన్నుపై సిలిండరు ఉంది కదా అన్న ధైర్యంతో అంతకంటే కిందికి, ఇంకా కిందికి వెళ్లాలనుకున్నప్పుడు పరిస్థితి మారుతుంది.

స్కూబా సిలిండరులో ఉండేది కేవలం ప్రాణవాయువు అన్న అభిప్రాయం ప్రజలలో బలంగా ఉంది. అది నిజం కాదు. సాధారణ డైవింగ్‌కు వాడే సిలిండరులో మనం నిత్యం పీల్చే గాలినే వడగట్టి, తేమ తీసి, అధిక పీడనంతో నింపుతారు. అందులో సుమారు 78 శాతం నత్రజని, 21 శాతం ఆక్సిజన్ ఉంటాయి. మిగిలిన దానిలో అధిక భాగం ఆర్గాన్. నేలపై మనకు ఏ హానీ చేయని ఈ మిశ్రమమే లోతుకు పోయేకొద్దీ మొదట మత్తుపదార్థంగాను, తరువాత విషంగాను పనిచేస్తుంది. గాలి మారదు, దానిపై నీరు మోపే ఒత్తిడి మారుతుంది.

పది మీటర్లకు ఒక వాతావరణం

సముద్రమట్టం వద్ద మన శరీరంపై ఉండే గాలి బరువును ఒక వాతావరణ పీడనంగా లెక్కిస్తారు. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ మరొక వాతావరణ పీడనం దానికి తోడవుతుంది. అంటే 10 మీటర్ల లోతున రెండు, 30 మీటర్ల లోతున నాలుగు, 40 మీటర్ల లోతున ఐదు వాతావరణాల ఒత్తిడి ఉంటుంది. ఆ ఒత్తిడికి తట్టుకొని ఊపిరితిత్తులు వ్యాకోచించాలంటే లోపలికి వెళ్లే గాలి కూడా అంతే పీడనంతో రావాలి. నోటిలో పెట్టుకునే రెగ్యులేటరు చేసే పని అదే.

అందువల్ల 40 మీటర్ల లోతున పీల్చే ఒక్కొక్క శ్వాసలో, ఒడ్డున పీల్చే శ్వాసకంటే ఐదు రెట్లు ఎక్కువ నత్రజని, ఐదు రెట్లు ఎక్కువ ఆక్సిజన్ శరీరంలోకి ప్రవేశిస్తాయి. గాలిలో వాటి శాతం మారకపోయినా, ఒక్కొక్క వాయువు విడిగా కలిగించే పీడనం ఐదింతలవుతుంది. దీనినే పాక్షిక పీడనం అంటారు. లోతు డైవింగ్‌లోని ప్రమాదాలలో ఎక్కువ భాగం ఈ ఒక్క సూత్రం నుంచే పుట్టుకొస్తాయి.

నత్రజని మత్తు

మొదటి ప్రమాదం నత్రజని వల్ల కలిగే మత్తు. చాలామందిలో దీని లక్షణాలు 30 మీటర్ల ప్రాంతంలో గుర్తించదగినంతగా కనిపిస్తాయి. ఆలోచన మందగిస్తుంది. చేతులు చెప్పిన మాట వినవు. సిలిండరులో ఎంత గాలి మిగిలిందో చూపే మీటరును చూస్తారు గాని, చూసిన అంకెకు అర్థమేమిటో తట్టదు. కొందరికి కారణం లేని ఉల్లాసం కలుగుతుంది. మరికొందరికి, ముఖ్యంగా చీకటి, చల్లని నీటిలో, కారణం లేని భయం పుడుతుంది. లోతు పెరిగేకొద్దీ ఈ స్థితి మద్యం మత్తులా ముదురుతుంది. 50 మీటర్లు దాటిన తరువాత సాధారణమైన చిన్న సమస్యను సైతం పరిష్కరించుకోలేని స్థితి ఏర్పడవచ్చు.

ఈ మత్తులోని అసలు అపాయం వేరే ఉంది. ప్రమాదాన్ని పసిగట్టవలసిన వివేకాన్నే అది ముందుగా హరిస్తుంది. తాగినవాడు తాను బాగానే ఉన్నానని నమ్మినట్లు, మత్తులో ఉన్న డైవరు కూడా తనకేమీ కాలేదని నమ్ముతాడు. కొన్ని మీటర్లు పైకి వస్తే నిమిషాలలోనే మత్తు దిగిపోతుంది. శరీరంపై ఏ గుర్తూ మిగలదు. అందువల్ల కిందటిసారి 45 మీటర్లకు వెళ్లివచ్చాను, ఏమీ కాలేదు అన్న తప్పుడు ధైర్యం ఏర్పడుతుంది. అనుభవంతో మత్తు అలవాటవుతుందన్న నమ్మకం కూడా ప్రమాదకరమైనదే. అనుభవజ్ఞునికి ఆ స్థితి కొత్తగా అనిపించకపోవచ్చు గాని, అతని ఆలోచనా వేగం తగ్గడం మాత్రం ఆగదు.

1935లో అమెరికా నౌకాదళ వైద్యుడు ఆల్బర్ట్ బెంకే ఈ మత్తుకు కారణం నత్రజనేనని ప్రతిపాదించాడు. నాలుగేళ్లకే అది ఆచరణలో పరీక్షకు నిలిచింది. 1939 మే 23న అమెరికా జలాంతర్గామి స్క్వాలస్ సుమారు 74 మీటర్ల లోతున మునిగిపోయింది. 33 మందిని ప్రాణాలతో రక్షించగలిగారు. ఆ పనిలో మామూలు గాలి పీల్చుతూ దిగిన సుశిక్షితులైన డైవర్లే మత్తుకు లోనై తికమకపడ్డారు. తరువాత జలాంతర్గామిని పైకి తీసే పనిలో నత్రజనికి బదులు హీలియం కలిపిన మిశ్రమం వాడగా వారి బుద్ధి స్పష్టంగా పనిచేసింది.

1947లో ఫ్రాన్సులో జరిగిన ఘటన ఇంకా విషాదకరమైనది. ఆధునిక స్కూబా పరికరానికి ఆద్యులలో ఒకడైన జాక్ కూస్టో బృందంలోని నౌకాదళ డైవరు మోరిస్ ఫార్గ్ గాలితో ఎంత లోతు వెళ్లవచ్చో పరీక్షించేందుకు దిగాడు. నీటిలోకి వదిలిన తాడుకు వేర్వేరు లోతులలో పలకలు కట్టి, చేరిన చోటల్లా వాటిపై రాసి రావాలన్నది ఏర్పాటు. 120 మీటర్ల వద్ద ఉన్న పలకపై అతని రాత కనిపించింది. అతడు మాత్రం ప్రాణాలతో పైకి రాలేదు. అనుభవం, దేహదారుఢ్యం, తోడుగా నిపుణుల బృందం అన్నీ ఉన్న వ్యక్తిని కూడా మామూలు గాలి ఆ లోతున నిలబెట్టలేకపోయింది.

ఆక్సిజన్ విషమయ్యే చోటు

రెండవ ప్రమాదం, ఆశ్చర్యం కలిగించినా, ఆక్సిజన్ నుంచే వస్తుంది. అధిక పీడనంతో పీల్చే ఆక్సిజన్ నాడీమండలాన్ని దెబ్బతీసి మూర్ఛ తెప్పిస్తుందని ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బెర్ 1878లోనే వివరించాడు. ఆక్సిజన్ పాక్షిక పీడనం 1.4 వాతావరణాలకు మించరాదన్నది డైవింగ్ శిక్షణలో సాధారణంగా పాటించే పరిమితి; శ్రమ లేని విరామ సమయంలో సైతం 1.6ను దాటనివ్వరు. మామూలు గాలితో మొదటి హద్దు సుమారు 56 మీటర్ల వద్ద, రెండవది సుమారు 66 మీటర్ల వద్ద వస్తుంది.

కండరాలు అదరడం, చూపు మసకబారడం, చెవులలో హోరు, వికారం, తల తిరగడం దీనికి హెచ్చరికలు. అయితే ఏ హెచ్చరికా లేకుండానే మూర్ఛ రావచ్చు. అదే మూర్ఛ ఒడ్డున వస్తే మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి కాపాడవచ్చు. నీటిలో నోటి నుంచి రెగ్యులేటరు జారిపోతుంది. మునిగి మరణించడం దాని పర్యవసానం. ఒకే రోజున ఒకే వ్యక్తిలో సైతం ఈ హద్దు స్థిరంగా ఉండదు. శ్రమ, చలి, ఒంట్లో పేరుకున్న బొగ్గుపులుసు వాయువు దానిని మరింత దగ్గరకు తెస్తాయి.

చిక్కబడిన గాలి, కలుషితమైన గాలి

లోతున గాలి చిక్కబడుతుంది. 40 మీటర్ల వద్ద దాని సాంద్రత ఒడ్డున ఉన్నదానికి ఐదు రెట్లు. అంత చిక్కని గాలిని లోనికి లాగి బయటికి వదలడానికే ఛాతీ కండరాలు శ్రమపడతాయి. ప్రవాహానికి ఎదురీదుతున్నప్పుడో, భయపడినప్పుడో శ్వాస వేగం పెరుగుతుంది గాని, శరీరంలో తయారైన బొగ్గుపులుసు వాయువు పూర్తిగా బయటికి పోదు. అది రక్తంలో పేరుకొని ఆయాసాన్ని, భయాన్ని పెంచుతుంది; నత్రజని మత్తును రెట్టింపు చేసినట్లు ముదిరిస్తుంది. చిన్న ఇబ్బంది పెద్ద ప్రమాదంగా మారడానికి ఈ వలయమే తరచుగా కారణమవుతుంది.

సిలిండరు నింపే కంప్రెసరు విషయంలో అజాగ్రత్త మరొక ముప్పు. ఇంజను పొగ గాలి పీల్చే గొట్టం వైపు వీచినా, కంప్రెసరులో నూనె వేడెక్కి మాడినా, కార్బన్ మోనాక్సైడ్ సిలిండరులోకి చేరవచ్చు. రంగు, వాసన లేని వాయువు ఎంత నిశ్శబ్దంగా ప్రాణం తీస్తుందో ఉక్కు కర్మాగారాల కార్మికులకు ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. 2014 జూన్ 12న భిలాయి కర్మాగారంలో వాయువు లీకై ఆరుగురు మరణించిన సంగతి ఆ నగరం మరువలేదు. నీటి కింద పీడనం ఈ విషాన్ని కూడా పెంచుతుంది. పది లక్షల భాగాలలో 10 భాగాలుగా ఉన్న కార్బన్ మోనాక్సైడ్, 40 మీటర్ల లోతున 50 భాగాలతో సమానమైన ప్రభావం చూపుతుంది.

త్వరగా తరిగిపోయే నిల్వ

12 లీటర్ల సిలిండరులో 200 బార్ల పీడనంతో గాలి నింపితే, ఒడ్డున విప్పినప్పుడు అది సుమారు 2,400 లీటర్లు అవుతుంది. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి నీటి ఉపరితలం వద్ద అది రెండు గంటలకు సరిపోతుంది. 40 మీటర్ల లోతున అదే సిలిండరు లెక్క ప్రకారం 24 నిమిషాలలో, 60 మీటర్ల లోతున సుమారు 17 నిమిషాలలో ఖాళీ అవుతుంది. దిగే సమయం, ఎక్కే సమయం, దారిలో ఆగవలసిన సమయం, తోటి డైవరు గాలి అయిపోతే పంచుకోవలసిన భాగం, అన్నీ ఇందులోనే ఇమడాలి. భయపడిన మనిషి రెండింతలు పీలుస్తాడు. మత్తులో ఉన్న మనిషి మీటరు చూడడం మరచిపోతాడు. ఈ రెండూ ఒకేసారి జరిగితే మిగిలే వ్యవధి బహు స్వల్పం.

పైకి రావడంలోని ప్రమాదం

లోతున రక్తంలోను, కణజాలంలోను కరిగిన నత్రజని, డైవరు పైకి వస్తున్నప్పుడు మెల్లగా ఊపిరితిత్తుల ద్వారా బయటికి పోవాలి. గోలీ సోడా గోలీని ఒక్కసారిగా నొక్కితే బుడగలు పొంగినట్లు, వేగంగా పైకి వచ్చినవారి శరీరంలో నత్రజని బుడగలుగా మారుతుంది. కీళ్లలో భరించలేని నొప్పి, చర్మంపై మచ్చలు, తిమ్మిరి, కాళ్లు చచ్చుబడటం, మాట తడబడటం, శ్వాస ఆడకపోవడం దీని లక్షణాలు. దీనినే డికంప్రెషన్ వ్యాధి అంటారు. సాధారణంగా పైకి వచ్చిన కొన్ని నిమిషాల నుంచి కొన్ని గంటలలోపు ఇది బయటపడుతుంది.

ఈ వ్యాధిని నివారించేందుకు దశలవారీగా పైకి రావాలన్న పద్ధతిని బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ మేకలపై ప్రయోగాలు జరిపి రూపొందించాడు. ఆ పట్టికలు 1908లో ప్రచురితమయ్యాయి. నేటి డైవ్ కంప్యూటర్లకు మూలం ఆ ఆలోచనే. 18 మీటర్ల లోతున ఒక గంటకు దగ్గరగా గడిపి, దారిలో తప్పనిసరి విరామాలు లేకుండా పైకి రావచ్చు. 30 మీటర్ల వద్ద ఆ వ్యవధి సుమారు 20 నిమిషాలకు, 40 మీటర్ల వద్ద సుమారు 10 నిమిషాలకు పడిపోతుంది. అంతకు మించి ఉంటే నిర్ణీత లోతులలో ఆగుతూ రావలసిందే. గాలి అయిపోయిన డైవరుకు ఆ అవకాశం ఉండదు.

శ్వాస బిగబట్టి పైకి రావడం ఇంకొక ప్రాణాంతకమైన పొరపాటు. 10 మీటర్ల నుంచి ఉపరితలానికి వచ్చేసరికి ఊపిరితిత్తులలోని గాలి పరిమాణం రెండింతలవుతుంది. బయటికి పోయే దారి లేకపోతే అది ఊపిరితిత్తులను చీల్చి రక్తనాళాలలో ప్రవేశించి మెదడుకు చేరవచ్చు. కొద్ది మీటర్ల లోతు నుంచి కూడా ఇది జరగవచ్చు.

విశాఖకు వచ్చే పర్యాటకులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి ఉంది. ఉదయం సముద్రంలో డైవింగ్, మధ్యాహ్నం అరకు ప్రయాణం అన్న ప్రణాళిక సౌకర్యంగా కనిపిస్తుంది. అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పీడనం తగ్గి, శరీరంలో మిగిలిన నత్రజని బుడగలు కట్టే అవకాశం పెరుగుతుంది. విమాన ప్రయాణానికీ ఇదే వర్తిస్తుంది. ఒక్కసారి మాత్రమే, తప్పనిసరి విరామాలు అవసరం లేనంత పరిమితిలో డైవ్ చేసినవారు కనీసం 12 గంటలు, పలుమార్లు చేసినవారు కనీసం 18 గంటలు, విరామాలతో కూడిన డైవ్ చేసినవారు అంతకంటే చాలా ఎక్కువ సమయం ఆగి విమానమెక్కాలని డైవింగ్ వైద్య నిపుణులు సూచిస్తారు. కొండదారి ప్రయాణాన్ని డైవింగ్‌కు ముందు రోజునే ముగించుకోవడం ఉత్తమం.

లోతుకు వేరే గాలి, వేరే ఓడ

మామూలు గాలికి ఉన్న హద్దులను నిపుణులు ఎంత గంభీరంగా పరిగణిస్తారో తెలుసుకోవడానికి విశాఖపట్నమే ఉదాహరణ. అక్కడి హిందుస్థాన్ షిప్‌యార్డు నిర్మించిన ఐఎన్ఎస్ నిస్తార్ 2025 జూలై 18న భారత నౌకాదళంలో చేరింది. దేశీయంగా రూపకల్పన చేసి నిర్మించిన తొలి డైవింగ్ సహాయక నౌక ఇదే. దాదాపు 118 మీటర్ల పొడవు, సుమారు 10,000 టన్నుల బరువు గల ఈ ఓడ 300 మీటర్ల లోతు వరకు డైవర్లను పంపగలదు. ఆపదలో చిక్కిన జలాంతర్గాముల సిబ్బందిని రక్షించే వాహనానికి ఇది తల్లి ఓడగా కూడా వ్యవహరిస్తుంది.

అంతటి లోతుకు దిగే డైవర్లు మామూలు గాలిని పీల్చరు. వారికి హీలియం, ఆక్సిజన్‌ల మిశ్రమాన్ని ఇస్తారు. హీలియం మత్తు కలిగించదు. తేలికైనది గనుక శ్వాసకు భారం కాదు. లోతునుబట్టి ఆక్సిజన్ శాతాన్ని తగ్గిస్తారు. డైవర్లు ఓడపైనున్న పీడన గదిలోనే రోజుల తరబడి నివసించి, గంట ఆకారపు కక్ష్యలో నీటిలోకి దిగి, పని ముగిసిన తరువాత అదే గదిలో నెమ్మదిగా సాధారణ పీడనానికి వస్తారు. ఒక సిలిండరు గాలితో సాధ్యమయ్యే పని అయితే ఇంత పెద్ద ఓడ, ఇంత యంత్రసామగ్రి, ఇంతమంది సిబ్బంది అవసరమయ్యేవారు కారు.

వినోద డైవింగ్‌లో వాడే నైట్రాక్స్ అనే మిశ్రమం గురించి ఒక అపోహ ఉంది. ఇందులో ఆక్సిజన్ ఎక్కువ, నత్రజని తక్కువ ఉంటాయి. దీనివల్ల ఓ మోస్తరు లోతున ఎక్కువ సేపు ఉండవచ్చు. ఎక్కువ లోతుకు మాత్రం వెళ్లరాదు. 32 శాతం ఆక్సిజన్ గల మిశ్రమానికి హద్దు సుమారు 33 మీటర్లే. అది మామూలు గాలికంటే తక్కువ లోతు.

చెరువులు, క్వారీలు, జలాశయాలు

సముద్రం లేని చోట ఈ ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. వదిలివేసిన రాతి క్వారీలలో నిలిచిన నీరు పైకి కనిపించేదానికంటే చాలా లోతుగా ఉండవచ్చు. అడుగున చీకటి, చలి, బురద, చిక్కుకునే తీగలు ఉంటాయి. గల్లంతైనవారి కోసం గాలించేందుకు పిలిపించే గజ ఈతగాళ్లు సాధారణంగా శ్వాస బిగబట్టి దిగుతారు. వారి నైపుణ్యం గొప్పదే గాని, స్కూబా సిలిండరు వాడకానికి అది ప్రత్యామ్నాయ శిక్షణ కాదు. పీడనంతో కూడిన గాలిని ఒక్క శ్వాస పీల్చినా ఇంతవరకు చెప్పుకున్న నియమాలన్నీ వర్తిస్తాయి. శిక్షణ లేనివారికి సిలిండరు తగిలించి లోతుకు పంపడం, రక్షించబోయి మరో ప్రాణాన్ని పణంగా పెట్టడమే.

పాటించవలసిన హద్దులు

ప్రారంభ శిక్షణ పూర్తిచేసినవారికి 18 మీటర్లు, తదుపరి శిక్షణ పొందినవారికి 30 మీటర్లు, లోతు డైవింగ్‌లో ప్రత్యేక శిక్షణ ఉన్నవారికి 40 మీటర్లు హద్దులుగా ప్రపంచంలోని ప్రధాన శిక్షణ సంస్థలు పాటిస్తున్నాయి. పర్యాటకులకు ఇచ్చే పరిచయ డైవ్ 12 మీటర్లకు మించరాదు.

ఎంత లోతుకు దిగాలి, ఎంత గాలి మిగిలి ఉండగా వెనుదిరగాలి అన్నవి నీటిలోకి దిగక ముందే, ఒడ్డుననే నిర్ణయించుకోవాలి. ఒంటరిగా దిగరాదు. ఉబ్బసం, గుండెజబ్బు, మూర్ఛ, చెవి సమస్యలు ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా డైవింగ్ చేయరాదు. మద్యం సేవించి దిగరాదు. పైకి వచ్చేటప్పుడు నిమిషానికి 9 మీటర్ల వేగాన్ని మించకుండా, 5 మీటర్ల వద్ద మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగి రావాలి. శ్వాసను ఎన్నడూ బిగబట్టరాదు. మత్తుగా అనిపించినా, తోటి డైవరు తీరు వింతగా కనిపించినా, వెంటనే కలిసి పైకి రావాలి.

డైవింగ్ తరువాత కీళ్ల నొప్పి, తిమ్మిరి, అసాధారణమైన అలసట కనిపిస్తే ఈత వల్ల వచ్చిన నొప్పులేనని తీసిపారవేయరాదు. బాధితుణ్ని వెల్లకిలా పడుకోబెట్టి, అందుబాటులో ఉంటే శుద్ధ ఆక్సిజన్ అందించాలి. స్పృహలో ఉంటే నీరు తాగించవచ్చు. చికిత్స పేరిట మళ్లీ నీటిలోకి దింపరాదు. అత్యవసర సేవలకు 108 లేదా 112 నంబరుకు, సముద్రంలో ఆపద కలిగితే భారత తీర రక్షక దళం వారి 1554 నంబరుకు ఫోన్ చేయాలి. పీడన గదిలో చికిత్స ఎంత త్వరగా మొదలైతే కోలుకునే అవకాశం అంత మెరుగుపడుతుంది. అందువల్ల ఎంత లోతుకు, ఎంతసేపు దిగారు, ఎప్పుడు పైకి వచ్చారు అన్న వివరాలను వైద్యులకు తప్పక తెలియజేయాలి.

మామూలు గాలితో ఒక హద్దు వరకు చేసే డైవింగ్ శాస్త్రీయమైనది, ఆనందదాయకమైనది. ఆ హద్దు దాటిన తరువాత ఆపదను గుర్తించే శక్తి మనిషిలో క్రమంగా తగ్గిపోతుంది గనుక, హద్దును కాపాడుకొనే బాధ్యతను లోతులోని ధైర్యానికి గాక, ఒడ్డున ఉన్నప్పటి వివేకానికే అప్పగించాలి.